ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు

తిరుత్తణి కొండ కింద, మెట్లదారి మొదలయ్యే చోట, రంగనాథం అంగడి పొద్దున ఐదున్నరకు తెరుచుకుంటుంది. ముందు గడపకు నీళ్ళు, తర్వాత పటాలకు పూలు, ఆఖరున తక్కెడకు కర్పూరం. దూలానికి గొలుసుతో వేలాడే తక్కెడ అది. ఇనుప దండి, రెండు ఇత్తడి తట్టలు, నడుమ ముల్లు. రంగనాథం తాత తెచ్చి కట్టినది. హారతి అయినాక రంగనాథం ఒక అడుగు వెనక్కి వేసి ముల్లు వైపు చూస్తాడు. నిలువుగా ఉంటే ఆ రోజు బెల్లం, కలకండ, చింతపండు తూచి అమ్ముతాడు. ఎడమ తట్ట ఖాళీగానే కిందికి వంగి ఉంటే, దాని మీద తుండుగుడ్డ కప్పి అగరొత్తులు, విభూతి పొట్లాలు, కర్పూరం డబ్బీలు అమ్ముకుంటాడు.

ఎడమ తట్ట వంగిందంటే కూతురు దేవసేన బయట చేరిందని అర్థం.

ఈ సంగతి బజారంతటికీ తెలుసు. ఎదురుగా పూలమ్మే మునియమ్మ, గుడ్డ కప్పిన తట్టను చూసి గంప దించకుండానే అడుగుతుంది.

"తట్ట వంగిందే చెట్టియారే. పాపకు దూరమా?"

"ఆ."

"సరి. బెల్లం నాలుగు దినాలు పోయినాక తీసుకుంటాలే. ఉడుకునీళ్ళు తాగమను."

అంతకంటే ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కారు. కొండమీద కృత్తికకు జనం వస్తారు, ఎండాకాలం బావిలో నీళ్ళు దిగుతాయి, చెట్టియార్ ఇంట్లో తట్ట వంగుతుంది. వంగిన తట్ట నాలుగైదు రోజులకు తనంతట తానే లేస్తుంది.

నాలుగేండ్ల కిందట, దేవసేనకు పదిహేను నిండినప్పుడు మొదలయింది ఇది. తక్కెడ చెడిపోయిందనుకుని రంగనాథం దాన్ని గోనెలో చుట్టి అరక్కోణం తీసుకుపోయాడు. అక్కడి రిపేరువాడు కొక్కేనికి తగిలిస్తే రెండు తట్టలూ ఒక్క తీరున నిలబడ్డాయి. ఇంటికి తెచ్చి దూలానికి కడితే మళ్ళీ వంగింది. ఇల్లాలు వాసవాంబ లోపలినుంచి వచ్చి చూసి, "తక్కెడకు ఏ రోగమూ లేదండీ. పాప వెనక వసారాలో మెలికలు తిరగతా ఉండాది" అనింది. రంగనాథం "ఓహో" అన్నాడు. అక్కడితో ఆ సమస్య తీరిపోయింది, అంటే తక్కెడ సమస్య.

ఒకసారి దేవసేనను కడంబత్తూరులో చిన్నమ్మ ఇంటికి పంపినారు. వారానికి చిన్నమ్మ కార్డు రాసింది: "పాప క్షేమం. ఇక్కడ వీధి అంగడిలో తట్ట వంగినది. ఆరో రోజు లేచినది. చింతపండు పంపవలెను."

లోకంలో తనకు తెలియని సంగతులు రెండే రెండు ఉన్నాయని రంగనాథం అభిప్రాయం. అవి ఏవేవో మాత్రం ఆయనకు తెలియదు. ఏ బెల్లంలో మట్టి కలిసిందో వాసన చూసి చెప్తాడు. ఏ కర్పూరం ఆడిమాసం దాకా కరగకుండా ఉంటుందో గోటితో గీరి చెప్తాడు. కూతురి కడుపు నొప్పి గురించి ఆయనకు తెలిసింది తుండుగుడ్డ ఎప్పుడు కప్పాలో అంతవరకే. ఆ ఇంట్లో తండ్రికీ కూతురికీ నడుమ ఈ మాట నేరుగా నడవదు. వాసవాంబ మోసుకురావాలి. అంగడికీ వెనక వసారాకూ నలభై అడుగుల దూరం. ఆ నలభై అడుగుల్లో మాట సగం కారిపోయేది.

వెనక వసారాలో చాపమీద ముడుచుకుని దేవసేన అంటుంది: "అమ్మా, గునపం పెట్టి తవ్వినట్టు ఉండాది. తొడలు పెరికేస్తా ఉండాయి. పొద్దున్నుంచి మూడుసార్లు కక్కుకున్నా. లేస్తే కండ్లు చీకట్లు కమ్ముతా ఉండాయి."

వంటిల్లు దాటేసరికి అది "పాపకు నొప్పి ఎక్కువగా ఉండాది" అవుతుంది. అంగడి వాకిలికి వచ్చేసరికి "పాపకు కొంచెం నీరసం".

"మజ్జిగ ఇయ్యి" అంటాడు రంగనాథం.

మజ్జిగ ఇచ్చినారు. వాము కషాయం, మెంతులు, నువ్వులుండలు, శొంఠి ఇచ్చినారు. వాసవాంబ కొండ మెట్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి మొక్కు తీర్చింది, మోకాళ్ళు వాచి వారం పడుకుంది. వీధి చివర డాక్టరు దగ్గరికి పోయినారు. ఆయన దేవసేనను బల్ల దగ్గరికి కూడా పిలవలేదు. వాసవాంబ చెప్పింది విని, తెల్ల మాత్రలు నాలుగు పొట్లం కట్టి, "కల్యాణం అయితే ఎల్లాం సరియా పోయిడుం" అన్నాడు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయట. ఈ మందు రంగనాథానికి నచ్చింది. తన చేతిలో ఉన్న మందు.

ఆ ఏడే సంబంధం కుదిరింది. తిరువళ్ళూరులో ఇనుప సామాన్ల అంగడి ఆదికేశవులుది. ఆయన కొడుకు జనార్ధనం. మంచి కుటుంబం, మాటల్లో తేడా లేదు. వైకాశి నెలలో ముహూర్తం పెట్టినారు. వాసవాంబ వంటింటి కేలండర్లో పసుపు చుక్కలు ముందుకూ వెనక్కూ లెక్కేసి, ఆ రోజుకు పాప ఇంట్లోనే ఉంటుందని తేల్చింది.

ఒక మధ్యాహ్నం, తట్టలు రెండూ సరిగ్గా ఉన్న రోజున, దేవసేన అంగడిలోకి వచ్చి తండ్రి పక్కన కూచుని కలకండ పొట్లాలు కడతా ఉంది. వచ్చే పోయే జనం లేరు.

"నాయనా, ఒక మాట అడగనా?"

"అడుగుమా."

"తిరువళ్ళూర్లో లేడీ డాక్టరు ఉందంట. కోకిలమ్మ అని. పెళ్ళికి ముందు ఒకసారి నన్ను చూపించు."

రంగనాథం చేతిలో పురికొస ఆగింది. కూతురు నలభై అడుగులూ తానే నడిచి వచ్చి అడుగుతుందని ఆయన అనుకోలేదు.

"ఆ ఆస్పత్రి యాడ ఉండాదో తెలుసా నీకు?"

"తెలుసు."

"మీ మామగారి అంగడికి ఎదురుగా! నువ్వు ఆ మెట్లెక్కితే మనం దిగేలోపల పెళ్ళి దిగిపోతాది."

"ఎక్కకపోతే?"

"పెళ్ళయితే సరిపోతాదని డాక్టరే చెప్పినాడు గదా."

"ఆయన ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుని చూసినాడు నాయనా?"

రంగనాథానికి నవ్వు వచ్చేసింది. నవ్వినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఆ కోపాన్ని కలకండమీద చూపించి ఒక పెద్ద పలుకును పగలగొట్టాడు.

దేవసేన నవ్వలేదు. "ముందు నాలుగు దినాలు ఉండేది. పోయిన నెల ఏడు. ఒక్కోసారి ఇరవై దినాలకే వచ్చేస్తా ఉండాది. నెల నెలా ఎక్కువ అవతా ఉండాది నాయనా, తగ్గడంల్యా. ఆ ఇంటికి పోయినాక కొత్త కోడలు నాటకం ఆడతా ఉందంటే ఏం చెప్పుకునేది? అక్కడ తట్ట వంగితే నన్ను చూడరు, మేకులు తక్కువొచ్చినాయేమో అని చూస్తారు."

"చూద్దాంలే" అన్నాడు రంగనాథం.

ఆయన దగ్గర "చూద్దాం" అంటే ఏమిటో కూతురికి తెలుసు. పొట్లాలు కట్టడం ముగించి లోపలికి పోయింది.

ఏటా ఒకసారి తక్కెడకు ప్రభుత్వం ముద్ర వేయించాలి. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజులు ముందే తెలుస్తాయి గనుక రంగనాథం వంటింటి కేలండరు చూసుకుని తారీకు అడిగి పెట్టుకునేవాడు. ఆ ఏడు కూడా అట్లే అడిగాడు. అయితే ఆ నెల దేవసేనకు తొమ్మిది రోజులు ముందుకు జరిగింది. ఇన్‌స్పెక్టరు కూడా మారినాడు. కొత్తాయన పేరు సుదర్శనం. అంతకు ముందు పళవేర్కాడులో రొయ్యల తక్కెడలు చూసి చూసి, కన్నతల్లి తూచి ఇచ్చినా మళ్ళీ తూచుకునే స్థితికి వచ్చిన మనిషి.

ఆయన అంగడి మెట్టెక్కి, తుండుగుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని తీశాడు.

"ఏందిది చెట్టియారే?"

"తక్కెడ సార్."

"అది తెలుస్తా ఉంది. ఖాళీ తట్ట ఎందుకు వంగింది?"

రంగనాథం, తట్ట కింద మైనం అంటించి మోసం చేశానని ఒప్పుకోవడం సులభమా, పరాయి మగవాడి ముందు కూతురి సంగతి చెప్పడం సులభమా అని ఆలోచించాడు. మైనమే సులభమనిపించింది. ఆయన ఆ నేరం ఒప్పుకోబోతుండగా ఎదుటినుంచి మునియమ్మ అందుకుంది.

"పాపకు దూరం సార్. ఎప్పుడూ ఇంతే."

సుదర్శనం తట్ట అడుగున తడిమి చూశాడు. గొలుసులు మూడూ ఒకదానితో ఒకటి సరిపెట్టి చూశాడు. ఏ దొంగతనమూ కనిపించలేదు. "ఓహో, సరి" అని నోటుబుక్కు తెరిచాడు.

"ఎంత?"

"ఎంతంటే సార్?"

"ఎంత బరువయ్యా. ఊరికే వంగింది అని రాస్తే ఆఫీసులో నా మొహాన కొడతారు. ఎంతకు వంగిందో రాయాల."

రంగనాథం మునియమ్మ వైపు చూశాడు. మునియమ్మ పూల వైపు చూసింది.

"తూచలేదు సార్."

"ఎన్నాళ్ళనుంచి వంగతా ఉంది?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్లుగా తట్ట వంగతా ఉంటే ఎంత అని చూడలేదా? ఏం వ్యాపారం చేస్తా ఉండావయ్యా నువ్వు?"

ఇన్‌స్పెక్టరు దగ్గర నల్ల పెట్టె ఉంది. దాంట్లో ఎర్ర మఖమలు గుంటల్లో ప్రభుత్వం తూకపు రాళ్ళు, మెరిసే ఇత్తడివి. ఆయన పుస్తకం పట్టుకున్నాడు గనుక రాళ్ళు వేసే పని రంగనాథం మీద పడింది. కిలోరాయి తీసి కుడి తట్టలో పెట్టాడు.

వాళ్ళ కులంలో ఏది తూచినా మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఒకటి అంటే ఒంటరితనం, అంగడికి మంచిది కాదు. రంగనాథం నోరు ముప్పై ఏండ్లుగా తనంతట తాను ఆ మాట అనేస్తుంది, ఆయనతో పని లేదు. ఇప్పుడు కూడా "లా" దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"ఒకటి" అన్నాడు రంగనాథం.

మునియమ్మ తలెత్తి చూసింది.

"రెండు. మూడు. నాలుగు."

ఐదోరాయికి ఎడమ తట్ట కొంచెం కదిలింది. ఆరో రాయికి ముల్లు నిలువుకు రాబోయింది. అంతలో ఖాళీ తట్ట మళ్ళీ దభీమని కిందికి దిగింది. సరిగ్గా అప్పుడే ఇంటి వెనకనుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది.

ఆ మూలుగు రంగనాథం నాలుగేండ్లుగా వింటున్నదే. గిలక మోత, పక్కింటి రేడియో, దూలంమీద పిల్లి, వీటిలాగే అది కూడా ఇంటి శబ్దాల్లో ఒకటి అనుకున్నాడు. ఇప్పుడు మూలుగు లేస్తే తట్ట దిగింది. మూలుగు తగ్గితే తట్ట తేలింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. ఆయన ఏడో రాయి చేత్తో పట్టుకుని కూచున్నాడు.

"నిలబడనీ" అన్నాడు సుదర్శనం మెల్లగా. "పోటు వచ్చినప్పుడు తూచకూడదు. తగ్గినాక ఎంత ఉందో అదే లెక్క."

పోటు తగ్గింది. ఏడు. ఎనిమిది. తర్వాత చిన్న రాళ్ళు. ముల్లు నిలబడింది.

"ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు" అని రాసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు సుదర్శనం, "పోయిన వారం మా చంటిదాన్ని తూచినారు. ఎనిమిది నెలల పిల్ల. ఎనిమిదీ రెండు వందలు ఉండింది."

కాగితం మూడు ప్రతులు రాశాడు. తక్కెడ: సరిగా ఉన్నది. తట్టపై వస్తువు: నొప్పి. బరువు: 8.400. వస్తువు ఎవరిది: సెల్వి, అంటే కుమారి, దేవసేన, వయసు పంతొమ్మిది. దాని కింద, ముప్పై రోజుల్లోగా సదరు బరువు తీసివేసి తక్కెడను తిరువళ్ళూరు ఆఫీసులో చూపవలెను, లేనిచో ముద్ర పడదు అని రాసి, గుండ్రటి సీలు గుద్దాడు.

"తీసేయడం అంటే ఎట్ల సార్?"

"అది మా డిపార్టుమెంటు కాదు చెట్టియారే" అని సుదర్శనం పెట్టె మూసి పక్క అంగడికి పోయాడు.

రంగనాథం కాగితం పట్టుకుని ఇంట్లోకి నడిచాడు. హాలు దాటాడు, వంటిల్లు దాటాడు. వాసవాంబ గరిట పట్టుకుని అడ్డం వచ్చింది.

"ఏందండీ ఇట్ల వస్తా ఉండారు? అక్కడ పాప ఉండాది. తగులుతారు!"

"తగలనీ."

వెనక వసారా గుమ్మం దగ్గర ఆగాడు. దేవసేన గోడవైపు తిరిగి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకుని ఉంది. పక్కన చెంబు, కక్కుకోవడానికి ఒక సత్తు గిన్నె. ముఖం సున్నంలాగా పాలిపోయి ఉంది. ఈ వసారాలో ఇట్ల ఉంటుందని ఆయనకు తెలియదు. తెలియని రెండు సంగతుల్లో ఇది ఒకటి అయి ఉంటుంది.

కాగితం అందించాడు. అది అరవంలో ఉంది. ఆయనకంటే ఆ పిల్లకే అరవం బాగా చదవడం వచ్చు. పడుకునే చదివింది. మొదట మనసులో, తర్వాత పైకి, ఒక్కో అంకె విడివిడిగా.

"నాయనా."

"ఏంమా?"

"ఈ దినం మూడో రోజు. మొదటి రోజు తూచి ఉండాల్సింది."

రంగనాథం గడపమీద కూచున్నాడు. గడపమీద కూచోకూడదని ఆ ఇంట్లో అందరికీ చెప్పేది ఆయనే.

"నా బుద్ధిని తట్టలో పెడితే ముల్లు కూడా కదలదుమా" అన్నాడు చివరికి.

"అది నాకు ముందే తెలుసు" అంది దేవసేన. అంతలో పోటు వచ్చి మళ్ళీ గోడవైపు తిరిగింది. అంగడిలో ఖాళీ తట్ట దిగిన చప్పుడు ఇక్కడికి వినిపించింది.

తట్ట లేచిన మరునాడే పొద్దున రైలుకు ముగ్గురూ తిరువళ్ళూరు పోయినారు. ఇది కూతురిమీద ప్రేమతో జరిగిందని చెప్పడానికి వాసవాంబ ఒప్పుకోదు. ప్రభుత్వం కాగితంమీద సీలు ఉంటే ఆయన ఎండలో కూడా నిలబడతాడు అంటుంది. రెండూ కొంచెం కొంచెం ఉండవచ్చు. ముద్ర పడని తక్కెడతో అంగడి నడపడం రంగనాథానికి రాదు, ఆ మూలుగును మళ్ళీ పిల్లి అనుకోవడమూ ఇక రాదు.

ఆదికేశవులు కంట పడకూడదని రంగనాథం ఒక ఉపాయం చేశాడు. స్టేషన్లో దిగగానే గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. వీధిలో మరెవ్వరికీ గొడుగు లేదు. తిరువళ్ళూరు బజారు మొత్తం ఆ గొడుగు వెనక ఎవరున్నారా అని వంగి చూసింది.

డాక్టరు కోకిలకు యాభై దాటి ఉంటాయి. వాసవాంబ "పాపకు కొంచెం నీరసం..." అని మొదలుపెట్టగానే రంగనాథం కాగితం తీసి బల్లమీద పెట్టాడు. ఆమె అద్దాలు సరిచేసుకుని చదివింది. జ్వరం ఎంతో రాసిన చీటీ చదివినట్టు చదివింది. రంగనాథాన్నీ వాసవాంబనూ వదిలేసి దేవసేన వైపు చూసింది.

"ఇది ఎన్నో రోజుది?"

 ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆ పిల్ల ఎదురుచూడడం మానేసి చాలా రోజులయింది.

"మూడో రోజుదమ్మా."

"అయితే మొదటి రోజు పన్నెండుకు తక్కువ ఉండదు" అని కాగితం అంచున రాసుకుని, దేవసేనను తెర వెనక్కి తీసుకుపోయింది.

చాలాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గర్భసంచి పక్కన గడ్డ ఉండాది. నెలనెలా రక్తం లోపలే చేరి, చిక్కబడి, నల్లగా ముద్ద కట్టి ఉంటాది. నారింజపండంత ఉంది. మద్రాసుకు రాసిస్తా, పెద్దాస్పత్రిలో కోసి తీస్తారు."

"పెళ్ళయితే సరిపోతాదని అక్కడ డాక్టరు చెప్పినాడమ్మా" అన్నాడు రంగనాథం.

"పెళ్ళి ఏమన్నా మాత్రా చెట్టియారే, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి మింగడానికి?" డాక్టరమ్మ మద్రాసుకు చీటీ రాసింది. "కొంచెం నొప్పి చాలామందికి ఉంటాది. లేవలేనంత నొప్పి, కక్కుకునే నొప్పి, నెలనెలా పెరిగే నొప్పి వేరే. అది చూపించుకోవాల్సిన నొప్పి. ఇంకో రెండేండ్లు వదిలి ఉంటే లోపల పగిలేది. పగిలితే పిల్ల దక్కేది కాదు."

వాసవాంబ కూతురి చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ సీలున్న కాగితం నకలు తీసుకుని, అసలును తిరిగి ఇచ్చింది.

బయట మెట్ల కింద ఆదికేశవులు నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, వానే లేదే! గొడుగు చూసి ఎవరో అనుకున్నా. ఏంది ఇక్కడ?"

రంగనాథం ఒక అబద్ధం సిద్ధం చేసుకుని వచ్చాడు. వాసవాంబకు తలనొప్పి అని. రైల్లో దాన్ని రెండుసార్లు మనసులో చెప్పుకున్నాడు కూడా. తీరా చెప్పబోతే నోరు సహకరించినా చెయ్యి సహకరించలేదు. అది తూకంలో తప్పడం అలవాటు లేని చెయ్యి. కాగితాన్ని తీసి ఆదికేశవులు చేతిలో పెట్టేసింది.

ఆదికేశవులు ఇనుము తూచే మనిషి గనుక ముందు అంకె చదివాడు. "ఎనిమిదీ నాలుగు వందలు. చిన్న గడ్డపార బరువు." తర్వాత మిగతాది చదివాడు. "సరి బావా, ఇంట్లో అడిగి చెప్తాం" అని కాగితం మడిచి ఇచ్చాడు.

ఇంట్లో అడిగి చెప్తాం అంటే ఏమిటో వాళ్ళ కులంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. వాసవాంబ ముఖం వాడిపోయింది. మెట్టుమీదనుంచి దేవసేన అంది:

"అడగండి మామా. ఆపరేషన్ అయినాక నేను కూడా మా ఇంట్లో అడిగి చెప్తా."

ఆపరేషన్ అక్కడినుంచి పదకొండో రోజు మద్రాసులో జరిగింది. ముహూర్తం కూడా జరిగింది, కాకపోతే జనార్ధనానికీ వేలూరు అమ్మాయికీ. రంగనాథం పోయి భోంచేసి వచ్చాడు. పాయసం బాగుందని చెప్పాడు. వాసవాంబ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ముప్పయ్యో రోజుకు తక్కెడను గోనెలో చుట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని, ఆఫీసుకు పోయినాడు. అప్పుడు దేవసేనకు రెండో రోజు. సుదర్శనం తక్కెడను కొక్కేనికి తగిలించాడు. తట్ట కొంచెమే వంగింది. మూడు వందల గ్రాముల రాళ్ళకు ముల్లు నిలబడింది.

"ఇది ఉండొచ్చు" అన్నాడు సుదర్శనం. "దీనికి రూల్లో చోటు ఉంది." సుత్తితో ముద్ర కొట్టాడు.

అక్కడినుంచి కుట్లు చూపించుకోవడానికి డాక్టరమ్మ దగ్గరికి పోయినారు. బెంచీమీద పక్కన ఒక కాలేజీ పిల్ల వంగిపోయి కూచుని ఉంది. దేవసేన ఊరికే ఆ పిల్ల నడుంమీద చెయ్యి వేసింది. వేసి, లోపలికి వినిపించేటట్టు, "డాక్టరమ్మా, ఈ పాపది ఐదు కిలోలు దాటతా ఉండాది" అంది. కోకిలమ్మ ఆ పిల్లను ముందు లోపలికి పిలిచింది. చూసి బయటికి వచ్చి, "సోమవారంనుంచి పనికి వచ్చెయ్యి" అని దేవసేనతో అంది. రంగనాథం సీజన్ టికెట్టు తీసిచ్చాడు. వాసవాంబ, పెళ్ళి కావలసిన పిల్ల రోజూ రైలెక్కడం ఏమిటని ఏడ్చింది, టిఫిన్ డబ్బా సర్దింది.

మరుసటి ఏడు ముద్ర వేయించుకోవడానికి ఈసారి తానే తిరువళ్ళూరు ఆఫీసుకు పోయినప్పుడు, ఇంట్లో మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇద్దామని రంగనాథం ఆస్పత్రి మెట్లెక్కాడు. గొడుగు తీసుకుపోలేదు. బెంచీ నిండా ఆడవాళ్ళు. ఒక చివర ఒదిగి కూచుని, ఎటు చూడాలో తెలియక గోడమీద కేలండరు చూస్తా ఉన్నాడు. ఆ నెలలోని పండగలన్నీ రెండుసార్లు చదివాడు.

కడంబత్తూరునుంచి ఒకామె కూతుర్ని తీసుకువచ్చింది. సేద్యం చేసుకునే ఇంటి మనిషి, చేతులనిండా పగుళ్ళు. పిల్లకు పదహారు ఉంటాయి, పెదవి కొరుక్కుని నిలబడి ఉంది.

"ఏం లేదమ్మా, ఊరికే నాటకం" అంది తల్లి. "పరీక్షలు వచ్చినాయంటే కడుపునొప్పి వస్తాది దీనికి. అందరికీ వచ్చేదే గదా, ఇదేమన్నా కొత్తా?"

దేవసేన పిల్లను పక్కన కూచోబెట్టుకుని నడుంమీద చెయ్యి పెట్టింది. పోటు పోయేదాకా ఆగింది. చీటీమీద రాసి పిల్లకే ఇచ్చింది.

"ఏందది?" అంది తల్లి.

"మీ పాప మోస్తా ఉండేది. ఆరు కిలోల రెండు వందలు."

పిల్ల చీటీని చదివింది. మళ్ళీ చదివింది. తల్లి చెయ్యి చాపితే ఇవ్వలేదు, పిడికిట్లో పెట్టుకుంది. తల్లి కాసేపు ఆ పిడికిలిని చూస్తా నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని, దేవసేన దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగింది:

"పాతది కూడా తూకానికి వస్తాదా అమ్మా? నాకు ఆగిపోయి రెండేండ్లయింది."

"రాండి అక్కా, కూచోండి" అంది దేవసేన.

కూచోవడానికి చోటు లేదు. రంగనాథం లేచి తన చోటు ఆమెకు ఇచ్చి, డబ్బాను కిటికీలో పెట్టి, బయటికి వచ్చాడు. వాసవాంబకు ఇప్పుడు నలభై ఆరు. నీది ఎంత బరువని ఆమెను అడగాలంటే ఏమని మొదలుపెట్టాలో, స్టేషన్లో బెంచీమీద కూచుని, రైలు వచ్చేదాకా ఆలోచించాడు. రైలు వచ్చింది. ఆయనకు ఇంకా మొదటి మాట దొరకలేదు. ఎక్కి కూచున్నాడు. తిరుత్తణి దాకా టైం ఉంది.